కుర్చీ వెనక చోటు

“నీ చెయ్యి అడ్డొస్తోంది. నాకు తెర కనబడటం లేదు,” అన్నాడు భర్త.

పని చేస్తున్నది ఆ చెయ్యే. తాళాలూ గొళ్లేలూ అమ్మే ఆ దుకాణంలో కంప్యూటర్ ముందు కుర్చీ ఆయనది. కుర్చీ వెనక చోటు ఆమెది. నిలబడే, ఆయన భుజం మీదుగా వంగి ఆర్డర్లు చూస్తుంది, బిల్లులు తీస్తుంది, సరుకు రాలేదని కంపెనీకి ఘాటుగా మెయిలు రాస్తుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని “ఆఁ, ఇప్పుడు నొక్కు” అంటాడు. అప్పటికే ఆమె నొక్కేసి ఉంటుంది.

కంప్యూటర్ కొన్న కొత్తలో కొడుకు ఏమన్నాడు? “అమ్మా, నువ్వు దుమ్ము తుడువు చాలు. ఏదీ నొక్కకు.” తుడుస్తూ తుడుస్తూనే నేర్చుకుంది. తప్పు నొక్కి, హడలిపోయి, మళ్లీ నొక్కి, కూతుర్ని ఫోన్లో విసిగించి మరీ నేర్చుకుంది. ఆయనకు రాకపోతే “పాపం, పెద్దాయన, ఈ వయసులో ఎందుకులే” అన్నారు. ఆమెకు రాకపోతే “నీ బుర్రకెక్కదులే” అన్నారు. తీరా వచ్చాక? “నాన్న ఈ వయసులో కూడా కంప్యూటర్ని ఎలా ఆడిస్తున్నాడో!” అని కొడుకు ఊరంతా చెప్పుకుంటున్నాడు. సరుకు ఆమెది, బోర్డు ఆయనది. నడుంనొప్పిలో మాత్రం వాటా అడిగినవాడు లేడు.

ఇంతలో వర్తక సంఘంవాళ్లు వచ్చారు. వయసు మళ్లిన వ్యాపారులకు కంప్యూటర్ తరగతి పెడుతున్నారట, ఆయనే నేర్పాలట. “దానిదేముంది!” అని ఒప్పేసుకుని, వాళ్లు గడప దాటగానే ఆమెతో అన్నాడు: “నువ్వూ రా. ఎప్పట్లాగే వెనకాల నిలబడు. నలుగురి ముందు నోరు మాత్రం తెరవకు.”

చేతులు కావాలట, నోరు వద్దట! ఇన్నేళ్ల బేరాల్లో ఆమె ఎవరికీ ఏదీ ఇంత చవగ్గా ఇవ్వలేదు. అయినా “సరే, వస్తాను” అంది.

తరగతి రోజు హాలు నిండింది. ఆయన కుర్చీలో సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. “ముందుగా బిల్లు ఎలా తియ్యాలో చూద్దాం. ఆఁ, ఇప్పుడు నొక్కు.”

తెర కదల్లేదు. వెనక్కి తిరిగాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆమె మొదటి వరసలో, వీపు ఆనించి, తీరిగ్గా కూర్చుని ఉంది.

“నొక్కమంటున్నది మమ్మల్నా మాస్టారూ?” అన్నాడు రంగుల కొట్టు తాత. హాలంతా నవ్వింది.

“అక్కడేం చేస్తున్నావ్? ఇలా వచ్చి నిలబడు,” పళ్లు బిగించి అన్నాడు భర్త.

“వస్తానండీ. అందరికీ నేర్పుతాను కూడా.” ఆమె లేచి, చివరి వరసకి వినబడేలా అంది. “ముందు మీరా కుర్చీలోంచి లేవండి.”