పైపొర మట్టి

ఏమే రమా, మట్టి జల్లిచ్చుడు గూడ ఒక పనేనా మామా అని మూతి తిప్పుతున్నవా? గా ఫోను పక్కకు పెట్టు. సారవ్వ జల్లెడ సంగతి వింటే నీ మూతి సక్కగైతది.

పొద్దుగాల బొగ్గుబాయి షిఫ్టు బస్సులు పోంగనే సారవ్వ గోదారి ఒడ్డుకు తవ్వకం కాడ జల్లెడ పట్టుకొని కూసునేది. తవ్విన గుంట గోడకు మట్టి పొరలు పొరలుగ కనవడ్తది. మీద బొగ్గు దుమ్ము కలిసిన నల్లమట్టి. దాని కింద ఎర్రమట్టి. అడుగున పాతకాలపోళ్ల బొందలు, రాకాసి గుళ్లంటరు గద, గవి. "కిందికి పోయినకొద్ది పాతది" అని తవ్వకం చూసుకునే రుఖయ్యా మేడం చెప్పేది. గా బొందలల్ల మనుషుల బొక్కల పక్కన కుండలు, ఇనుప కత్తి, పెట్టింది పెట్టినట్టే ఉన్నయి.

గవి చూసినప్పుడల్ల సారవ్వ పండ్లు కొరికేది. మొగడు గట్టయ్య బాయిల తొలి జీతంతోని చేయించుకున్న వెండి కడెం, సచ్చినంక ఆయనతోనే బొందల పెట్టుమన్నది. ఆడోళ్లు బొంద కాడికెళ్లి ఎనుకకు మర్లంగనే మర్ది సదానందం గుంజుకున్నడు. మూడోనాడు పిట్టకు పెట్టేకాడ ఆని అంగి జేబుల మెరిసింది. అడిగితే, "ఏ కడెం వదినే?" అన్నడు.

మూడు వేల ఏండ్ల సామాను ఎవ్వడు ముట్టలే. నా మొగనిది మూడు దినాలు ఆగకపాయె! ఇదే మంట ఆమెకు.

గా సదానందమే తవ్వకం కాడ మేస్త్రి, కావలి గూడ ఆనిదే. ఒకనాడు మాపటికి ఆడు చాయ్‌కి పోయిండని చూసి, సారవ్వ ఒక కొత్త కుండకు పాతదాని లెక్క పొగ పట్టిచ్చి, నిండ మట్టి నింపి, ఎర్రమట్టిల పాతింది. మీద కావాల్నని నల్లమట్టి కప్పింది. కుండ దొరకాలె, దొంగదని తేలాలె, మేస్త్రి పని ఊడాలె.

రెండు దినాలకు సదానందమే దాన్ని పైకి తీసిండు. "మేడం! పాతకాలపు కుండ!" అని ఒర్రిండు.

మేడం తాపీతోని గోడ గీకింది. "అరే, పైపొర నల్లమట్టి ఎర్రమట్టిలకు ఎట్ల దిగింది? దీన్ని మొన్ననే పాతిన్రు. ఎవరు?"

ఆని పేరు సారవ్వ నాలుక మీదికొచ్చింది.

సదానందం వదినె దిక్కు ఒక్కపారి చూసిండు. "నేనే మేడం. పేరొస్తదని ఆశపడ్డ."

"రేపటి సంది రాకు. సారవ్వా, కుండల మట్టి జల్లిచ్చి పారెయ్."

ఆడు తువ్వాల దులుపుకొని ఖని ఊరికి పోయే ఆటో ఎక్కిండు. ఎనుకకు తిరిగి సూడలే.

నీ బతుకుల మన్ను పొయ్య అని కడుపు నిండ నవ్వుకుంట సారవ్వ కుండ బోర్లిచ్చింది. తన చేతులతోని నింపిన మట్టే. జల్లెడ ఊపింది. గల్లుమన్నది.

నువ్వేం నవ్వుతవే రమా. చాయ్‌కి పోయినోడు సగం తొవ్వల ఆగి అంత చూడనే చూసిండు. ఆమె పాతిన దాన్ని తవ్వి, మళ్ల పాతిండు.

మట్టంత కిందికి రాలింది. జల్లెడ మీద గట్టయ్య కడెం ఒక్కటి మిగిలింది.