బలానికి సూది

"ఫ్లాస్కు బాగా తొలువు. పోయినసారి కాఫీ వాసన కొట్టింది" అన్నాడు మా ఆయన శౌరి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. సోడాకొట్టు నుంచి తెచ్చిన ఐసుగడ్డకు అంటిన రంపపు పొట్టు కడిగి, పగలగొట్టి, ఫ్లాస్కులో పోశాను. అందులో కూర్చోబోయేది నా మందు సీసా. ఎవరిచేతో హైదరాబాదు నుంచి తెప్పించి, నరసరావుపేట మందులషాపులో ఫ్రిజ్‌లో దాచి, మూడు వారాలకోసారి గుంటూరు తీసుకుపోయి నాకు చేయిస్తున్నాడు. మెడ పక్కన గడ్డ లేచి నాలుగు నెలలు. ముక్క కోసి పరీక్షకు పంపారు. రిపోర్టు ఆయన చేతికిచ్చారు. "క్షయ గడ్డలంట. ఆర్నెల్లు మందులేసుకుంటే పోద్ది. ఈ సూది బలానికి" అన్నాడు.

క్షయకు సూది తుంటికి చేస్తారు. రెంటచింతలలో మా పెదనాన్నకు రోజూ చేసేవాళ్ళు, మందును ఐసులో పెట్టి మోయడం నేనెప్పుడూ చూడలేదు. నాకు నరానికి ఎక్కిస్తున్నారు. పైగా సీసా మీద కాగితం ఉండదు, గోటితో గీకిన జిగురు మరక ఉంటుంది. శౌరిది పురుగుమందుల కొట్టు. డబ్బా మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ పత్తి రైతులకు చదివి వినిపించే మనిషి, పెళ్ళాం మందు సీసా మీది కాగితం ఎందుకు పీకుతున్నట్టు?

అనుమానం ఒకసారి మొదలైతే ఇల్లంతా తిరుగుతుంది. నన్ను చూసుకోవడానికని ఊరి నుంచి వచ్చిన మా అత్త లూర్దమ్మ, మొదటిరోజే నా కంచం, గ్లాసు, చాప వేరు చేసింది. అయిదేళ్ళ నా కూతురు సెలీనాను పక్క గదిలో తన దగ్గర పడుకోబెట్టుకుంది. "అంటుద్దే, పిల్లని ముట్టుకోమాక" అంది. సరే అన్నాను. కానీ వంట మాత్రం నేనే. పిల్లకు జడ వేస్తే అంటుకునే జబ్బు, పిల్ల తినే ముద్ద నేను వండితే అంటదా? ఒకనాడు అడిగేశాను. "పొయ్యి మీద కాగినాక పురుగు చస్తది, నాకా చెప్తావు?" అంది. చద్దన్నంలో పెరుగు కలిపేదీ నేనే. దానికి పొయ్యి ఎక్కడుంది?

రెండో సూది తర్వాత వేళ్ళ కొసలు మొద్దుబారాయి. బియ్యం ఏరుతుంటే ఏది రాయో ఏది గింజో చేతికి తెలియదు. పంటి కింద రాయి పడితే మా అత్త, "రాళ్ళు ఏరడం కూడా రాదాయె. ఎమ్మెస్సీ అంట, మళ్ళీ కాలేజీలో పాఠాలు చెప్పిందంట" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ తిమ్మిరిని నేను ఎక్కడో చదివాను.

పెళ్ళికి ముందు యూనివర్సిటీలో రెండేళ్ళు బిళ్ళగన్నేరు ఆకు మీద పరిశోధన చేశాను. ఆకును పల్చగా కోసి, ఏ కణంలో చేదు దాగి ఉందో సూక్ష్మదర్శినిలో వెతకడం నా పని. ఆకు తన విషాన్ని తనకు తగలకుండా కణంలోని సంచిలో మూసి పెట్టుకుంటుంది. పెళ్ళయ్యాక శౌరి, "ఆకులు కోస్తే పీహెచ్‌డీ ఇస్తారా? ఆ కోసేదేదో గోంగూర కొయ్యి, పప్పులోకన్నా పనికొస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అప్పట్లో నవ్వేదాన్ని. పెట్టె అడుగున పాత నోటుపుస్తకం తీశాను. నా రాతే: 'బండెడు ఆకు నుంచి చిటికెడు మందు. లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌లో నరానికి ఇస్తారు. చల్లగా ఉంచాలి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, జుట్టు ఊడవచ్చు.' దువ్వెన చూసుకుని, పుస్తకం మూసేశాను. ఇది పది రోజుల కిందటి మాట. ఎవరికీ చెప్పలేదు.

గుంటూరు ఆసుపత్రి వరండాలో నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కు నర్సుకివ్వడానికి శౌరి లోపలికి వెళ్ళాడు. ఒక అమ్మాయి కాగితాల అట్టతో వచ్చింది. పేరు రషీదా అంది. క్యాన్సర్ ఉన్న ఇళ్ళకు ఎలాంటి ఆసరా కావాలో కాలేజీ తరఫున పరిశోధన చేస్తోందట. "శౌరిగారి తాలూకా?" అంది. అవునన్నాను. "ఆయన పోయినసారే అన్నీ చెప్పారండీ. పేషెంటుకు తెలీకూడదన్నారు. మీరు..." నా మెడ చూసి ఆగిపోయింది.

"నాకెక్కించేది బిళ్ళగన్నేరు మందమ్మా. ఆ ఆకు సంగతి నాకు నీకన్నా ఎక్కువ తెలుసు. కాగితం ఇటియ్యి."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి ఇచ్చింది. శౌరి గుండ్రటి అక్షరాలు.

రోగికి జబ్బు సంగతి తెలుసా? తెలియదు.

తెలుసుకోవాలని ఉందా? లేదు.

జబ్బు అంటుకోదని ఇంట్లోవాళ్ళకు చెప్పారా? చెప్పాం.

మూడోది రెండుసార్లు చదివాను. "ఇది అంటదని ముందే చెప్తారా?" అన్నాను. "మొదటిరోజే చెప్తామండీ, చిన్నపిల్లలున్న ఇళ్ళకైతే మరీ మరీ చెప్తాం" అంది.

కొత్త కాగితం అడిగి తీసుకుని, డాక్టరు గదిలోకి వెళ్ళాను. డాక్టరు నా వెనక్కి చూసి, "మీవారు?" అన్నాడు.

"నేనున్నాను. నాకే చెప్పండి."

ఫైలు తెరిచి చెప్పాడు. లింఫోమాలో అరుదైన రకమట, ఆయన కూడా ఇద్దరినే చూశాడట. గడ్డ సగానికి తగ్గింది. ఇంకా అయిదు సూదులు. నయమవుతుందని రాసివ్వలేనన్నాడు, అవదని కూడా అనలేనన్నాడు. నాలుగు నెలల్లో నాతో ఎవరైనా మాట్లాడిన మొదటి సూటి మాట అది. సూది చేయించుకుని, కాగితం నా చేత్తో నింపి రషీదాకు ఇచ్చాను.

నేను డాక్టరు గదిలోంచి రావడం శౌరి చూశాడు. తిరుగు రైల్లో గుసగుసగా, "భయపడతావని చెప్పలేదే. నీ మంచికే" అన్నాడు.

"నాకు చెప్పకపోతే పోయె. పిల్లనెందుకు దూరం పెట్టావ్?"

ఫ్లాస్కులో కరిగిన నీళ్ళు కిటికీలోంచి ఒంపేసి మూత బిగించాడు. తర్వాత, "ఎట్లాగూ అలవాటు చెయ్యాలిగా" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి ఒక స్టేషను పట్టింది. ప్రతిసారీ డాక్టరుతో మాట్లాడేది ఆయనే, గడ్డ సగం తగ్గిందని నాకన్నా ముందే తెలుసు. అయినా నేను లేని ఇంటికి నా కూతురిని తయారు చేస్తూ, ఆ ఇంటికి నా చేతే వండిస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాం. సెలీనా వరండాలో పలక మీద గీస్తోంది. నేను పక్కన కూర్చోగానే, నేర్పిన పాఠంలా నాలుగడుగులు వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"ఏమే ఫిలోమినా, ఒళ్ళు తెలవటంలా? పిల్ల!" లోపల్నుంచి అత్త అరిచింది.

"నాది అంటుకునే జబ్బు కాదత్తా. క్యాన్సరు. మీ అబ్బాయికి మొదటిరోజు నుంచీ తెలుసు."

ఆమె గుమ్మంలోకి వచ్చి కొడుకు వైపు చూసింది. తెలియక చూసిందో, తెలిసి చూసిందో నేను పోల్చుకోలేకపోయాను. శౌరి చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

చేతులు చాపాను. "రా తల్లీ, జడేస్తాను."

అది నన్ను చూసింది, వాళ్ళ నాయనమ్మను చూసింది. పలక గుండెకు అదుముకుని, "నాన్నని అడిగొస్తా" అంది.

"నాన్నని అడగొద్దమ్మా. నన్నడుగు."