గుండీల షావుకారి నత్తగుల్లలు

పన్నెండింటికి వస్తానన్న మేడమ్ కోసం గుండీల షావుకారు తొమ్మిదింటికే తెల్లచొక్కా తొడుక్కుని సిద్ధంగా కూర్చున్నాడు. కూర్చున్నాడన్నమాటే గాని నిలకడ లేదు. సర్దిన పెట్టెల్నే మళ్ళీ సర్దుతున్న మొగుణ్ణి చూసి, బల్ల తుడుస్తున్న ఆయన భార్య నవ్వాపుకుంది. పెళ్ళినాడు కూడా ఈయన ఇంత కంగారు పడలేదు.

కంగారుకి కారణం ఉంది. కాలేజీలో కొత్త ప్రయోగశాల ఈయన డబ్బుతోనే లేస్తోంది. అందులో ఒక గది తన నత్తగుల్లలకి ఇమ్మన్నాడు. ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కాని ఆయనకి కావలసింది గది కాదు. అయిదో తరగతితో బడి మానేసి గుండీల కొట్లో కూర్చున్నవాడు ఇరవై రెండేళ్ళు ఏరి కూర్చింది కూడా శాస్త్రమేనని, చదువుకున్నవాళ్ళొకరు అనాలి. అనకపోతే డబ్బిచ్చిన పెద్దమనిషిగా గోడమీద ఫొటోలో మిగిలిపోతాడు. ఈ సంగతి ఆయన పైకి చెప్పలేదు. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషికి చెప్పనక్కర్లేదు.

ఈ పిచ్చికి మూలం ఒక ఆల్చిప్ప గుండీ. వెనకవైపు గోధుమరంగు పొర కాస్త మిగిలిపోయి వచ్చింది. ఇది ఏ జీవిదని సరుకు తెచ్చినవాణ్ణి అడిగితే, ఏదైతే మనకెందుకు, నాలుగు బొక్కలూ ఉన్నాయి కదా అన్నాడట. ఆ ‘మనకెందుకు’ జోరీగలా చెవిలో దూరింది. కొట్టుకి సెలవైతే చాలు, ఈయన చెరువుల్లో తేలేవాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని లావుపాటి పుస్తకాలు చదివాడు. చివరికి కొట్టు కొడుకు చేతికి వచ్చింది. నాన్న పైకొస్తున్నాడు గాని నత్తనడకన వస్తున్నాడని వాడు పరాచికాలాడేవాడు.

మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఆవిడ చదువుకునే రోజుల్లో మైక్రోస్కోపు కొనిచ్చింది ఈ షావుకారే.

గుండీల కొట్లో ప్రతి పెట్టె మూతకీ ఒక గుండీ కుట్టి ఉంటుంది, తెరవకుండానే లోపలి సరుకు తెలియడానికి. ఇక్కడా ప్రతి మూతకీ ఒక గుల్ల అంటించి ఉంది. లోపల సైజువారీగా, రంగువారీగా మిగతావి. పగిలింది గాని, వంకరది గాని మచ్చుకి ఒక్కటి లేదు.

ఆవిడ మొదట మెచ్చుకుంది. నాలుగో పెట్టె దగ్గర మాట తగ్గింది. కూరంతా బాగుండి, ఉప్పు లేదని చెప్పలేక నమిలేవాళ్ళ మొహంలా ఉందనిపించింది ఇంటావిడకి.

“బాబాయిగారూ, ఇందులో ఏది ఎక్కడ దొరికింది?”

“అన్నీ ఒక రకమేనమ్మా. నాలుగైదు చెరువులవి కలిపాను. ఒకే సరుకుని ఎన్ని పెట్టెల్లో పెడతాం?”

ఆవిడ చేతిలోని భూతద్దం బల్లమీద పెట్టేసి నెమ్మదిగా చెప్పింది. ఒకేలా కనబడేవన్నీ ఒకటి కానక్కర్లేదు. చోటూ తేదీ లేని గుల్ల అందంగా ఉంటుంది గాని నోరు విప్పదు. ఇక వంకరవి ఏరి పారేస్తే, ఆ నీళ్ళకి ఏం జబ్బు చేసిందో చెప్పే సాక్షుల్ని పారేసినట్టే.

“ఇంకెవరింట్లోనైనా అయితే బాగుందని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోదును,” అంది.

గుమ్మంలో నిలబడ్డ కొడుకు, అన్నం పెట్టిన చేతికి ఇదా మర్యాద అని గొణిగాడు. ఆయన చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. పెట్టె దగ్గరికి లాక్కుని, గుర్తున్నవి చెబితే పనికొస్తాయా అని అడిగాడు. కచ్చితంగా గుర్తున్నవైతే వస్తాయందావిడ.

అలా మొదలైంది. ఇది పాత వంతెన కింద రెండో మెట్టుమీద, మా ఆవిడ జారి మోకాలు కొట్టుకున్న రోజు అంటాడాయన. ఏ రోజో ఇంటావిడ చెబుతుంది. మేడమ్ చీటీ రాస్తుంది. పన్నెండు చీటీలయ్యాక మేడమ్, మిల్లు చెరువువే ఎక్కువున్న ఒక పెట్టె మూతమీది గుల్లని చూసి ఆగిపోయింది. మిగతావన్నీ కుడికి చుట్టుకున్నాయి, అదొక్కటే ఎడమకి.

“ఇది మిల్లు చెరువుదా? అక్కడ ఇలాంటిది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అక్కడిదే అయితే రేపే మీ పేరుమీద శాస్త్ర పత్రికకి రాసి పంపిస్తాను.”

ఇంటావిడ మొగుడి వంక చూసింది. కొట్లో బల్ల వెనక నిలబడి ఏనాడూ తెలీదనని మనిషి. లేని గుండీ అడిగితే రేపొస్తుందనేవాడు. రంగు పోతుందా అంటే మీ మనవలు కూడా తొడుక్కుంటారనేవాడు. ఆ నోటికి ఒక్క ‘అవును’ ఎంత? అనేసెయ్యండి, ఎవరు చూడొచ్చారు అని మనసులో బతిమాలుకుంది.

ఆయన గుల్లని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“తెలీదమ్మా. మిల్లు చెరువే అనుకుంటున్నాను. అనుకోవడం ఇక్కడ చెల్లదు కదా?”

“చెల్లదు బాబాయిగారూ.” ఆవిడ కుర్చీ ఆయన పక్కకి జరుపుకుంది. “తెలీదని రాయడం నాకు పదేళ్ళకి గాని చేతకాలేదు. మీరు పూట తిరక్కుండా నేర్చుకున్నారు.”

సాయంత్రానికి మూడువేల చిల్లర గుల్లల్లో చోటూ తేదీ తేలి నిలిచినవి రెండువందల పదకొండు. వాటికి ఒక అలమారు చాలు, గది పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఉంచమన్నాడాయన. మొగుడు కుంగిపోతాడేమోనని చూస్తున్న ఇంటావిడకి ఆయన మొహం తేటగా కనిపించింది. మేడమ్ చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు ఆయన భార్య చెవిలో, “నా డబ్బు చూసి మొహమాటపడలేదే. నన్ను తమలో ఒకణ్ణి చేసుకుని చెప్పింది,” అన్నాడు. మధ్యాహ్నం ఈవిణ్ణి గెంటేస్తే బాగుండునని తనూ ఒక్క క్షణం అనుకున్నానని ఆమె చెప్పలేదు. వెళ్ళి మేడమ్‌కి ఉతికిన తువ్వాలు అందించింది.

ప్రతి చీటీలోనూ అడుగున ‘సేకరించినవారు’ అని ఒక గీత ఉంది. మేడమ్ అక్కడ ఆయన పేరు రాయబోతుంటే, తారీఖులన్నీ చెప్పినావిడ పేరు కూడా ఉండాలి కదా అన్నాడాయన. మేడమ్ రెండు పేర్లూ రాసి, మొదటి చీటీ ఇంటావిడ చేతికిచ్చింది.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

“తారీఖు పద్నాలుగు కాదమ్మా, పదమూడు. కొట్టేసి మళ్ళీ రాయి,” అంది.