నిండని సీసా

ముప్ఫై ఒక్క ఏళ్లు ఏలూరు మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని నేను. పేరు రాజకుమారి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని స్టాఫ్‌రూములో నవ్వుకునేవారు. నవ్వుకోనివ్వండి, నా పిల్లలెవరూ ఇంగ్లీషు తప్పలేదు.

కెజియా నా దగ్గర పదో తరగతి దాకా చదివింది. డిగ్రీలో జువాలజీ చేసింది. తర్వాత రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి, రెండుచోట్లా నోరు పెగలక తిరిగొచ్చింది. వాళ్లమ్మ లిడియా రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. రోజంతా ఐసులో చేతులు పెట్టి పెట్టి ఆమె వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. కైకలూరులో చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబు నుంచి కెజియాకు పిలుపు వచ్చిన రోజున లిడియాయే మా ఇంటికి వచ్చింది.

"ఏవండీ టీచరుగారూ, ఇది కూడా రాకపోతే ఒకటో తారీఖు నుంచి దీన్నీ షెడ్డుకి తీసుకెళ్లిపోవాలండి. మేస్త్రీకి మాటిచ్చేశాను. కాస్త మీరే తయారుచేసి పెట్టాలి" అంది.

ఆ వేళ్లు చూశాక కాదనడానికి నాకు నోరు రాలేదు. పది రోజులు కూర్చోబెట్టి ఇరవై జవాబులు కంఠతా పట్టించాను. కూర్చోమన్నాకే కూర్చోవాలన్నాను. పెద్దవాళ్లు ఏం చెయ్యమన్నా "యెస్ సర్" అనాలి తప్ప కుదరదు, రాదు అనే మాటలు నోట రాకూడదన్నాను. పిల్ల అన్నిటికీ "అలాగేనండి" అంది.

ఆఖరి రోజున "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగాను.

"రొయ్యల చెరువు కాపలా అండి."

"అలా చెప్తే చులకనైపోతావే. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. ఏదీ, చెప్పు."

కెజియా గుమ్మం వైపు చూసింది. అక్కడ వాళ్ల నాన్న యేసుదాసు నిలబడి ఉన్నాడు. నాకోసం సంచిలో కొర్రమీను పట్టుకొచ్చాడు. "టీచరుగారు చెప్పినట్టే చెప్పమ్మా" అని సంచి గుమ్మంలో పెట్టి వెనక్కి తిరిగాడు. నేనక్కడితో ఊరుకున్నానా. "యేసుదాసూ, ఆ రోజు నువ్వు ఆఫీసు దగ్గరికి రాకు" అని వెనక నుంచి కేకేసి మరీ చెప్పాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇంటర్వ్యూ రోజున పొద్దున్నే బస్సెక్కి ఇద్దరం కైకలూరు వెళ్లాం. మేనేజరు ప్రసాదరావుగారి గదికీ బయట బల్లకీ మధ్య ఒక్క ప్లైవుడ్ చెక్క అడ్డం. లోపలి మాటలన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి.

కెజియా నా జవాబులు ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది. ఆయన ఊఁ కొట్టడం మానేశాడు. చిలక్కి నేర్పినట్టు నేర్పానని నాకే తెలిసిపోయింది.

"సరేనమ్మా. ఈ సీసా జోగారావుగారి చెరువుది. రొయ్య పైకి తేలుతోందని పొద్దున్న పంపారు. ఇందులో ఆక్సిజన్ ఎంతుందో చూసి చెప్పు" అన్నాడాయన.

సీసా ఎత్తి, మళ్లీ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత కెజియా గొంతు వినబడింది.

"ఈ నీళ్లు పరీక్ష చెయ్యకూడదండి."

పది రోజుల చాకిరీ గోదాట్లో కలిసింది, పిల్ల షెడ్డుకి వెళ్లిపోయింది అనుకున్నాను.

"ఎందుకని?"

"సీసా నిండలేదండి. పైన రెండు వేళ్ల ఖాళీ ఉంది. ఆ గాలి దారంతా కుదుపులకి నీళ్లలో కలిసిపోయుంటుందండి. ఇప్పుడు చూస్తే ఆక్సిజన్ బాగున్నట్టే వస్తుంది. అది నమ్మి వాళ్లు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆపేస్తే తెల్లారేసరికి చెరువంతా పోతుందండి. సీసాని నీళ్లలో ముంచి, బుడగలు పోయాక మూత కూడా నీళ్లలోనే బిగించాలండి." కంఠతా పట్టిన గొంతు కాదది, వాళ్లింట్లో మాట్లాడుకునే గొంతు.

ఆయన స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. "జోగారావుగారూ, శాంపిల్ ఎలా పట్టారండీ?"

"ఎలా ఏముందండీ, బకెట్‌తో తోడి సీసాలో పోశాం" అంది ఫోను.

"అయితే మళ్లీ ముంచి పంపండి. నేను చెప్పేదాకా ఏరేటర్లు ఆపకండి." ఫోన్ పెట్టేసి ఆయన కెజియాని అడిగాడు. "ఇది కాలేజీలో నేర్పారా?"

"చదివానండి. చేత్తో చేయించింది మాత్రం మా నాన్నగారండి." ఆగింది. ఇవతల నేనున్నానని దానికి తెలుసు. "మా నాన్నగారు చెరువు కాపలా ఉంటారండి. చిన్నప్పుడు సెలవులన్నీ నేను ఆ గట్టు మీదే గడిపానండి."

"సోమవారం వచ్చి చేరమ్మా" అన్నాడాయన. "మీ నాన్నగారు దగ్గర్లో ఉంటే ఒకసారి తీసుకురా. మావాళ్లకి సీసా ముంచడం చూపిస్తారు."

బయటికి వచ్చాం. నాకు సంతోషంతో పాటు సిగ్గూ వేసింది. కెజియా చెయ్యి పట్టుకుని నడిచాను.

బస్టాండులో ఇస్త్రీ చొక్కా వేసుకుని యేసుదాసు నిలబడి ఉన్నాడు. నేను రావద్దన్నందుకు అక్కడి నుంచి అడుగు ఇటు వెయ్యలేదు. మమ్మల్ని చూడగానే, "టీచరుగారు చెప్పినట్టే చెప్పావా అమ్మా?" అని అడిగాడు.

కెజియా నా వంక చూసింది.

"లేదండీ యేసుదాసుగారూ" అన్నాను నేనే. "మీరు నేర్పినట్టు చెప్పింది. ఉద్యోగం వచ్చింది. రండి, ఆఫీసులో మీకోసం చూస్తున్నారు."