రెండు చీటీలు, ఒకే గుండె

నేను ఒక ఈసీజీ యంత్రాన్ని. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతగా గీస్తాను. ఇన్నేళ్ల పనిలో నాకు అబ్బింది భయం ఒక్కటే. గీయగలనే తప్ప నోరు విప్పి చెప్పలేను మరి.

మొదట విశాఖపట్నంలో ఒక నర్సింగ్‌హోములో ఉండేదాన్ని. గీత బాగుంటే జనం తమ గుండె గట్టిదనేవారు, బాగోకపోతే మిషను పాడైందనేవారు. కొత్త మిషను రాగానే నన్నొక సేవాసంఘానికి ఇచ్చేశారు.

వాళ్లు నన్ను విజయనగరం దగ్గర ఒక ఆడపిల్లల క్రీడా హాస్టలుకు తెచ్చారు. అంతకు నెల ముందు పక్క ఊళ్లో పదహారేళ్ల ఆటగాడు పరిగెడుతూ పరిగెడుతూనే కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. అందుకే ఈ ఉచిత పరీక్షలు. పిల్లలకు చావంటే భయం లేదు, నేనంటేనే భయం. గీత బాగోకపోతే జట్టులోంచి పేరు తీసేస్తారని హాస్టలంతా పుకారు.

తెర వెనక టెక్నీషియన్ నీలవేణి చీటీలో పేరు చూసి, పిల్ల ఛాతీకి నా ఆరు రబ్బరు కప్పులూ అంటించేది. తీశాక చాలాసేపు గుండ్రటి మచ్చలు మిగిలేవి. పదో చీటీ రామలక్ష్మిది. నిబ్బరమైన గుండె. ఇరవై మూడోది పైడితల్లిది. హాస్టల్లోకెల్లా వేగంగా పరిగెత్తేది ఆమేనట. మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. నీలవేణి తొందరలో చేతి అంచనాతోనే కప్పులు అంటించేసింది. నాలుగు వంపులు గీశానో లేదో, నాకు దడ పుట్టింది. ఇది రామలక్ష్మి గుండె. మరి పైడితల్లి గుండె ఏది? ఎందుకు దాచారు? అరవడానికి నోరు లేదు. చక్కని గీత గీస్తూ ఒక అబద్ధానికి సాక్ష్యం చెబుతున్నాను.

కప్పులు తీస్తూ నీలవేణి ఆగింది.

"ఏటే ఇది? నానంటించినవి ఆరే గదా, పన్నెండు మచ్చలెలాగొచ్చాయి?"

"దద్దుర్లక్కా."

"దద్దుర్లు వరస కట్టి వస్తాయేటే?"

రామలక్ష్మి ఏడుపు మొదలుపెట్టింది. "పైడి గ్రౌండులో రెండుపాల్లు కళ్లు తిరిగి పడిపోయిందక్కా. ఎల్లుండే సెలక్షను. ఎవలికీ సెప్పనని దాని తలమీద సెయ్యెట్టించి ఒట్టేయించుకుంది. ఒట్టు తప్పితే అది సచ్చిపోద్ది."

"ఒట్టు నిలబెట్టి సంపుకుంటావేటే దాన్ని? పో, తీసుకురా."

పైడితల్లి రుసరుసలాడుతూ వచ్చి పడుకుంది. పైకి లేవాల్సిన వంపులు లోతుగా కిందికి దిగిపోతుంటే, గీస్తున్న నాకే ఆపేయాలనిపించింది. నీలవేణి కాగితం చింపి, తెర బయట కూర్చున్న డాక్టరుకు, కోచ్‌కు చూపించింది.

"పాత మిషనండీ, ఇంకోపాలి తియ్యండి," అన్నారు కోచ్ అప్పలనాయుడు మాస్టారు. మూడుసార్లు తీశారు. నేనూ తప్పయితే బాగుండుననే గీశాను. మూడుసార్లూ అదే వచ్చింది.

డాక్టరు ఆవేళే స్కానుకు పంపారు. గుండె గోడ మందంగా పెరిగిందని తేలింది. పరుగు మానకపోతే ఏ రోజైనా ఆగిపోవచ్చునట.

ఆరు నెలల తర్వాత మళ్లీ అదే హాస్టలుకు వచ్చాను. పైడితల్లి మందులు వాడుతోంది, చదువుకుంటోంది, మైదానం వైపు వెళ్లడంలేదు. రామలక్ష్మితో మాటల్లేవట. నన్ను వరండాలో దించుతుంటే పైడితల్లే ఎదురుపడింది.

"ఈ దరిద్రపు డబ్బాని మళ్లీ ఎందుకు తెచ్చారక్కా?" అని మొహం తిప్పుకుని చరచరా వెళ్లిపోయింది.

తిట్టుకోనీ. తిట్టడానికి ఆ పిల్ల ఉంది.