మూడు స్టాపుల దూరం

"నీ కోసమే సెలవు పెట్టాను, తొందరగా తెములు," అన్నాడు భర్త, స్కూటరు తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ.

అప్పటికి ఆమె మధ్యాహ్నానికి వండిపెట్టి, అత్తగారి మోకాళ్ళ మందులు పూటపూటకీ విడదీసి పెట్టి, ఆరిన బట్టలు లోపలికి తెచ్చి, పొయ్యి గట్టు తుడుస్తోంది. సెలవు ఆమె కూడా పెట్టింది. అది ఎవరి కోసమో ఎవరూ అనలేదు.

ఆమె ఆస్పత్రిలో ఈసీజీ తీస్తుంది. పదకొండేళ్ళుగా జనం గుండెల మీద చల్లటి జెల్లీ రాస్తోంది కాబట్టి వార్డు వార్డంతా 'జెల్లీ అక్క' అనే పిలుస్తారు. ఆర్నెల్ల క్రితం ఆస్పత్రి లిఫ్టులోనే ఆమె గుండె గొంతులోకి వచ్చింది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు, చచ్చిపోతున్నానని అనుకుంది. తన మంచం మీద తననే పడుకోబెట్టి, కొత్తగా చేరిన పిల్ల ఈసీజీ తీసింది. అంతా బాగానే ఉంది. ఆమె నమ్మలేదు. ఆ పిల్ల వైర్లు తారుమారుగా పెట్టి ఉంటుందని అనుమానం. ఎవరూ చూడకుండా తనే మళ్ళీ మూడుసార్లు తీసుకుంది. మూడుసార్లూ గీతలు ముత్యాల్లా వచ్చాయి. అప్పుడు మెషిన్ మీద అనుమానం వచ్చింది.

"గుండె గుండ్రాయిలా ఉందమ్మా, ఇవి పానిక్ అటాక్‌లు," అని గుండె డాక్టరు మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన సీబీటీ అనే థెరపీకి రాసిచ్చాడు. మాట్లాడుతూ, ఆలోచనలు పరీక్షించుకుంటూ, భయపడే పనులు కొంచెం కొంచెంగా చేస్తూ నయం చేసుకోవడమట. "మాటలతో రోగాలు తగ్గితే ఈ ఇంట్లో ఎవరికీ రోగముండకూడదే," అన్నారు అత్తగారు.

భర్త మాత్రం వెక్కిరించలేదు. "నువ్వేం భయపడకు. ఇకనుంచి నేనే దింపుతా, నేనే తీసుకొస్తా," అన్నాడు. అన్నట్టే చేశాడు. భయం వేసి ఫోన్ చేస్తే పావుగంటలో గేటు దగ్గరుండేవాడు. కింద వాటా ఆవిడ బుగ్గలు నొక్కుకుని, "పెట్టి పుట్టావమ్మా! మా ఆయన నన్ను వీధి చివర దింపమంటే కూడా మొహం ముడుచుకుంటాడు," అనేది. పెట్టి పుట్టిన మనిషి పొద్దున్నే ఐదింటికి లేచి అందరికీ వండి, స్కూటరు వెనక కూర్చుని డ్యూటీకి వెళ్ళి, స్కూటరు వెనక కూర్చుని వచ్చి, మళ్ళీ వండేది. ఊరి చివర కట్టిన కొత్త ఆస్పత్రిలో ఈసీజీ విభాగం మొత్తం ఆమెకి అప్పగిస్తామని పెద్ద డాక్టరు అన్నప్పుడు, భర్తే ఫోన్ అందుకుని, "ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు సార్, అంత దూరం కుదరదు," అని చెప్పేశాడు. తన మేలు కోసమే కదా అనుకుంది. అనుకున్నాక కూడా ఆ మాట చేపముల్లులా గొంతులో అడ్డంపడే ఉంది.

ఆ సెలవు రోజు వెళ్ళి కలిసిన థెరపిస్టు ఆమెకన్నా పదేళ్ళు చిన్నది. గదిలో కుర్చీలు, బల్ల, ఓ టిష్యూల పెట్టె. ఒక్క పరికరం లేదు. 'ఏడిపించి పంపుతుందన్నమాట,' అనుకుంది ఆమె. మొదటి ఐదు ప్రశ్నలకీ భర్తే జవాబు చెప్పాడు. ఆరో ప్రశ్నకి ముందు థెరపిస్టు నవ్వుతూ, "మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అంది. ఆయనా నవ్వుతూనే లేచాడు. తిరిగి వస్తూ, స్కూటరు మీద, "నా గురించేమైనా అడిగిందా?" అన్నాడు.

"లేదండీ."

"అడుగుతుంది చూడు. వీళ్ళకదే పని."

ఆ అనుమానం ఆమెకీ అంటుకుంది. ఒకరోజు థెరపిస్టు ఆమెని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పింది. తల దిమ్మెక్కింది, గుండె దడదడలాడింది, లిఫ్టులో వచ్చినవన్నీ వచ్చాయి. "ఇప్పుడు చచ్చిపోతున్నారా?" అని అడిగింది. "లేదు, మీరు తిప్పారు కదా," అంది ఆమె. "అంటే ఒంట్లో జరిగేది ఒకటే. దానికి మీరు చెప్పుకునే అర్థమే వేరు." గారడీ అనిపించింది. అయినా ఇచ్చిన నోటుపుస్తకంలో రాసుకుంది.

నాలుగో వారం థెరపిస్టు అడిగింది, "భయం వచ్చినప్పుడు ఏం చేస్తారు?"

"ఆయనకి ఫోన్ చేస్తాను."

"ఆయన రాకపోతే?"

"వస్తారు. ఎప్పుడూ వస్తారు."

"ఒక్కసారైనా రాకపోయుంటే ఏమయ్యేదో మీకు తెలుసా?"

తెలియదు. భయం దానంతటదే ఎక్కి, దానంతటదే దిగుతుందని, ఈలోగా ఎవరొస్తే వాళ్ళే దింపారనుకుంటామని చెప్పింది థెరపిస్టు. ఆమెకి ఒళ్ళు మండింది. కాపురాల్లో నిప్పులు పోసే రకంలా ఉంది ఈ పిల్ల! అయినా ఆ ప్రశ్న ఇంటిదాకా వెంట వచ్చింది. థెరపిస్టు ఓ అభ్యాసం కూడా ఇచ్చింది: మంగళవారం డ్యూటీ అయ్యాక, మూడంటే మూడు స్టాపులు, బస్సులో, ఒంటరిగా. దిగాక ఇంటికి నడక. ఆ అభ్యాసం నోటుపుస్తకంలో రాసుకుని, పుస్తకాన్ని అలమరలో తువ్వాళ్ళ కింద పెట్టింది. ఇంట్లో అడగబోయేలోపే, "మంగళవారం నాకు మీటింగుంది, కాస్త ఆలస్యమవుతుంది, ఆస్పత్రిలోనే ఉండు," అన్నాడు భర్త. కలిసొచ్చిందనుకుంది.

మంగళవారం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. అరచేతుల్లో చెమట. భయానికి నూటికి మార్కులు వెయ్యమంది థెరపిస్టు, అరవై వేసుకుంది. మొదటి స్టాపు దాటింది. యాభై. రెండో స్టాపు దగ్గర ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. రెండు ఆటోల వెనక స్కూటరు. ఆ హెల్మెట్టు ఆమె రోజూ వీపు వెనకనుంచి చూసేదే.

మీటింగు? ఎలా తెలిసింది? అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున అలమరలో తువ్వాళ్ళు నీటుగా నాలుగు మడతలు వేసి ఉన్నాయి. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఒక్క తువ్వాలు మడతపెట్టి ఎరగడు. పుస్తకం తీసి చదివి, తెలియకుండా మళ్ళీ సర్దాడన్నమాట.

స్కూటరు బస్సును దాటి పోయింది. మూడో స్టాపులో ఆయన అప్పటికే నీళ్ళసీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు, చెయ్యి ఊపుతూ, మొహమంతా నవ్వుతో. ఇప్పుడు దిగితే ఏం జరుగుతుందో ఆమెకి కళ్ళకి కట్టింది. "చూశావా, నేను వెనకాలే ఉన్నా కాబట్టి ఏం కాలేదు," అంటాడు. సాయంత్రానికి కింద వాటా ఆవిడకీ తెలుస్తుంది. గుండె ఒక్కసారి ఎగిసిపడింది. ఎనభై. తొంభై.

"మీ స్టాపేనమ్మా, దిగండి," అన్నాడు కండక్టరు.

"దిగను. చివరిదాకా టికెట్టివ్వండి."

బస్సు కదిలింది. ఊపుతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఫోన్ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. ఇప్పుడు పోతాను, ఇదిగో ఇప్పుడు, అనుకుంది. పక్క సీట్లో కునుకు తీస్తున్న పెద్దావిడ తల ఆమె భుజం మీదికి వాలింది. ఆవిడ నిద్ర చెడుతుందని ఆమె కదల్లేదు. కదలకుండా చచ్చిపోవడం కోసం ఎదురుచూసింది. చావు రాలేదు. ఓ నాలుగు స్టాపులు పోయాక చూసుకుంటే చెమట ఆరిపోయింది. ఇది తగ్గడమేనా, లేక మోసం చేసి మళ్ళీ వస్తుందా? చాలాసేపు అనుమానంగానే కూర్చుంది. రాలేదు.

చివరి స్టాపులో దిగి ఫోన్ తీసింది.

"ఎక్కడున్నావు? నీకేమైనా అయితే?" ఒక్క రింగుకే ఎత్తాడు ఆయన.

"అయిందండీ. దానంతటదే తగ్గింది. నేను బస్సులోనే వచ్చేస్తాను, మీరు ఇంటికి వెళ్ళండి. రేపట్నుంచి డ్యూటీకి కూడా బస్సులోనే వెళ్తాను. వెనకాల రావద్దు."

"నేనేం తప్పు చేశాను?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఆమె తిరుగు బస్సెక్కింది. ఆ ప్రశ్న పక్కనే కూర్చుని వచ్చింది. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. ఏం తప్పు చేశాడని? తానే విశ్వాసం లేని మనిషేమో. ఆ థెరపిస్టు తన బుర్ర చెడగొట్టిందేమో.

తలుపు తీసిన అత్తగారు ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు. "వాడేడీ?"

"నా కోసం వెతుకుతూ ఇంకా రోడ్డు మీదే ఉన్నట్టున్నారు. నేను బస్సులో వచ్చాను."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే, అత్తయ్యా." చీవాట్లు పడతాయనుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆ ఇంట్లో ఆమెకి ఎవరైనా గ్లాసు అందించడం అదే మొదలు. పక్కన కూర్చుని, మోకాళ్ళు రాసుకుంటూ, గోడకేసి చూస్తూ అన్నారు.

"మీ మావయ్యా అంతే. నాకు కళ్ళు తిరిగేవి. వీధి మలుపు దాకా కూడా ఒంటరిగా పంపేవారు కాదు. పెట్టి పుట్టానని నన్నూ అనేవాళ్ళు. ఇరవై ఏళ్ళు మందులు మింగాను."

"మరి ఎలా తగ్గింది, అత్తయ్యా?"

ఆవిడ లేచి, వీధి తలుపు వేసి ఉందో లేదో చూసి వచ్చి, గొంతు తగ్గించారు.

"ఆయన పోయి తొమ్మిదేళ్ళు. మళ్ళీ ఒక్కసారి కళ్ళు తిరిగితే ఒట్టు."