రాగి రంగు తీగ

హోరు.

రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు, ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా, ఆగకుండా... హోరు.

కిటికీ బయట ఎండ. గదిలో వాన.

మూడో అంతస్తులో, కుట్టు మిషను పక్కన, బిస్కెట్ల డబ్బాలో బిగించిన చిన్న రేడియో సెట్టు లోంచి వస్తుంది ఆ వాన. నాబు మెల్లగా తిప్పితే వానలోంచి మనుషులు వస్తారు. ఎక్కడెక్కడి మనుషులో. ఒకాయన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతుంటాడు. ఇంకొకాయన తన మేడ మీద ఏరియల్ గాలికి పడిపోయిందని ఊరంతా మునిగినంత బాధ పడుతుంటాడు.

ఆ సెట్టుని కట్టింది టైలరమ్మ కూతురు.

వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మ. కూతురు చిట్టి. ఇరవై దాటినా చిట్టే. పుట్టుకతోనే గుండె బలహీనం. మెట్లు దిగితే మళ్ళీ ఎక్కడం ఒక యుద్ధం, ఎక్కాక ఊపిరి అందడం ఇంకో యుద్ధం. తను లోకంలోకి వెళ్ళలేదు కాబట్టి లోకాన్నే మూడో అంతస్తుకి రప్పించుకుందామనుకుంది. గడుసు పిల్ల.

పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. అమెచ్యూర్ రేడియో అంటారు దాన్ని. పాటలు రావు, వార్తలు రావు. లైసెన్సున్న మామూలు మనుషులు ఎవరింట్లోంచి వాళ్ళు గాలిలో మాట్లాడుకుంటారు, అంతే. కొనాలంటే సెట్టు ఖరీదు. అందుకే తక్కువలో తనే కట్టుకుంది. కొన్ని భాగాలు పోస్టులో వచ్చాయి. కొన్ని మేనమామ పాత టీవీల్లోంచి పీకి తెచ్చాడు.

మేనమామ బస్సు డిపోలో మెకానిక్కు. బస్సు ఇంజను మొత్తం విప్పి బిగించగల మనిషి, ఆవగింజంత భాగాలు చూసి బిత్తరపోయాడు. తుమ్మితే ఎగిరిపోయే వ్యాపారం పెట్టావే కోడలా, అన్నాడు. ఆ రోజంతా ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా నవ్వే.

చుట్టే పని మాత్రం తల్లిది.

సెట్టు లోపల నల్లటి రింగులుంటాయి, వేలి ఉంగరం కన్నా చిన్నవి. వాటి చుట్టూ సన్నటి తీగ చుట్టాలి. వరస తప్పకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. చిట్టి చేతులు అలసిపోయేవి. తల్లి చేతులు బాబిన్లకు దారం చుట్టీ చుట్టీ ఆరితేరినవి. ఎదురెదురుగా కూర్చుని తల్లి చుట్టేది, కూతురు సీసం కరిగించి సోల్డరింగ్ చేసేది. సన్నటి పొగ లేచేది. పొగ నీకు మంచిది కాదే అని తల్లి, ఇదొక్కటే అని కూతురు.

ఆ ఒక్కటి ఎప్పుడూ ఒక్కటితో ఆగలేదు.

తీగ మీద పూత ఉంటుందట. సన్నటి పూత. తీగ కొసల దగ్గర దాన్ని బ్లేడుతో గీకెయ్యాలి, లేకపోతే కరెంటు దాటదు. చిట్టి ఒక్కసారే చెప్పింది. తల్లికి రెండుసార్లు చెప్పనక్కర్లేదు. ఎర్ర తీగ కొసలు గీకింది. ఆకుపచ్చ తీగ కొసలు గీకింది. ఎంత బాగా గీకిందంటే, అమ్మా నీ చేతులకి కూడా ఒక లైసెన్సు ఇప్పించాలే, అంది చిట్టి.

ఆ మాటకి తల్లి రోజంతా లోపల్లోపలే మురిసిపోయింది.

సెట్టు పూర్తయింది. నాబు తిప్పగానే హోరు... హోరులోంచి మాట.

పిల్ల మొహం చూడాలి ఆ రోజు.

ఆదివారం పొద్దున్నే గాలిలో ఒక గుంపు చేరుతుంది. ఒక పెద్దాయన అందరినీ పేరుపేరునా పిలుస్తాడు. మాటకి ముందు చిన్న దగ్గు దగ్గుతాడు. చిట్టి ఆయనకి దగ్గు మాస్టారు అని పేరు పెట్టింది. అందరూ అయ్యాక ఆయన ఆగి, కొత్తవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. అడిగి, కాసేపు ఊరుకుంటాడు.

ఆ కాసేపు కోసమే చిట్టి వారమంతా ఎదురుచూసేది.

మైకు బటన్ నొక్కేది. లైసెన్సుతో పాటు ఇచ్చిన తన పిలుపు పేరు చెప్పేది. నా మాట ఎవరికైనా వినిపిస్తోందా... అనేది. బటన్ వదిలేది.

హోరు.

సరే, ఎవరూ లేరు, అని దగ్గు మాస్టారు ముందుకు వెళ్ళిపోయేవాడు.

సెట్టు వింటోంది. మాట్లాడటం లేదు. చిట్టి ఏరియల్ తీగ ఊడదీసి, ఆ చోట చిన్న టార్చి బల్బు పెట్టి చూసింది. మాట బయటికి పోతుంటే ఆ బల్బు వెలగాలట. వెలగలేదు. అక్కణ్ణుంచి మొదలు. తను అతికిన ప్రతి అతుకూ కరిగించి మళ్ళీ అతికింది. ట్రాన్సిస్టర్లు మార్చింది. మార్చినవి మళ్ళీ మార్చింది. మైకు మార్చింది. బోర్డు కొంత పీకి మళ్ళీ కట్టింది. ఒకరోజు విసుగొచ్చి డబ్బాని గోడవైపు తిప్పి పెట్టింది, అలిగిన మొగుణ్ణి పెట్టినట్టు. తెల్లారి మళ్ళీ తనే ఇటు తిప్పుకుంది.

వారాలు గడిచాయి. కుర్చీలో కూర్చోలేక మంచం మీద వాలి, డబ్బాని పొట్ట మీద పెట్టుకుని వెతికింది. పెదాలు నీలంగా ఉండేవి. తల్లి మిషను ఆపి చూసేది. పడుకోవే అనేది. పడుకునేది కాదు.

ఆసుపత్రికి వెళ్ళే రోజు, మెట్ల మీద మేనమామ ఎత్తుకుని దింపుతుంటే, అతని భుజం మీంచి తల్లిని చూసి చెప్పింది.

"అన్నీ చూశానమ్మా. నువ్వు చుట్టినవి తప్ప అన్నీ చూశాను. అవి చూడక్కర్లేదుగా."

అక్కర్లేదులే తల్లీ, అంది తల్లి.

చిట్టి మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

*

తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. మిషను మీద సగం కుట్టిన జాకెట్లు అలాగే ఉండిపోయాయి. అడగడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, పర్లేదులెండి, నిదానంగా, అని వెళ్ళిపోయేవాళ్ళు. టైలరమ్మ తమ్ముడు, చిట్టి మేనమామ, రోజూ డ్యూటీ దిగి వచ్చేవాడు. ఏం మాట్లాడాలో తెలీక కుళాయి బిగించేవాడు. బాగున్న కుళాయినే మళ్ళీ బిగించేవాడు.

ఒక ఆదివారం ఆమె సెట్టు పెట్టింది. ఎందుకంటే ఏం చెబుతుంది. పెట్టింది.

హోరు. దగ్గు. మోకాళ్ళ నొప్పి. అందరూ ఉన్నారు. అందరూ బాగున్నారు.

కొత్తవాళ్ళు ఎవరైనా ఉన్నారా, అన్నాడు మాస్టారు. ఊరుకున్నాడు. సరే, ఎవరూ లేరు, అన్నాడు.



వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. ప్రతి ఆదివారం తమని పేరుపేరునా విని, దగ్గుకి నవ్వి, మోకాలికి అయ్యో అనుకున్న పిల్ల ఒకతె ఉండేదని తెలీదు. పోయిందని ఎలాగూ తెలీదు. ఉన్నట్టే తెలీదు. వాళ్ళ లెక్కలో చిట్టి అనే మనిషి పుట్టనే లేదు.

దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది ఆమెకి. ఎవరి మీద అంటే ఎవరి మీదా కాదు. ఒక్కసారి, ఒక్కసారి ఈ డబ్బాలోంచి వెళ్ళిన మాట వాళ్ళు వినాలి. అవతల నుంచి ఒక్కరు, వినిపిస్తోంది అనాలి. పిల్ల అడిగింది అంతే కదా.

వెతకడం ఎలాగో ఆమె చూసింది. వారాల తరబడి పక్కనే కూర్చుని చూసింది. చిట్టి వాడే మీటరుకి రెండు పుల్లలు. రెంటినీ తీగకి అటూ ఇటూ ఆనిస్తే, కరెంటుకి దారి ఉంటే కూస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. చివర ఏరియల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, వెనక్కి రావాలి. కుట్టు తప్పితే విప్పడం కూడా అంతే. చివరి ముడి నుంచి వెనక్కి వస్తేనే గుడ్డ చిరగదు.

తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. ఆమె పుల్లలు పట్టుకుంది.

కూసింది. కూసింది. కూసింది. ప్రతి అతుకూ కూసింది. పిల్ల అతుకులు ముత్యాల్లా ఉన్నాయి.

చివరి ట్రాన్సిస్టర్ల ముందు ఒక రింగు. రెండు తీగలు పేని, కలిపి చుట్టిన రింగు. ఒకటి ఎర్ర తీగ. ఒకటి ఉత్త రాగి.

ఎర్ర తీగ కూసింది.

రాగి తీగ ఊరుకుంది.

మళ్ళీ ఆనించింది. ఊరుకుంది. గట్టిగా ఆనించింది. ఊరుకుంది.

తెగినట్టు లేదే అక్కా, అన్నాడు తమ్ముడు వంగి చూస్తూ.

తెగలేదు. ఆమె బ్లేడు తీసింది. రాగి తీగ కొస మీద మెల్లగా ఒక్క గీటు గీసింది. కంటికి కనపడీ కనపడనంత పొట్టు రాలింది. దాని కింద ఇంకో రాగి. మెరిసే రాగి... అసలు రాగి.

అది ఉత్త తీగ కాదు. దానికీ పూత ఉంది. రాగి రంగు పూత.

ఎర్రది కనిపించింది కాబట్టి గీకింది. ఆకుపచ్చది కనిపించింది కాబట్టి గీకింది. ఇది రాగిలాగే ఉంది కాబట్టి, గీకడానికేముంది అనుకుంది. ఆ రోజు కిటికీ దగ్గర కూర్చుని, చక్కగా, వరస తప్పకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టింది. పూతని చుట్టి ఇచ్చింది. పైన పిల్ల ముత్యంలాంటి అతుకు వేసింది. లోపల ఏదీ దేన్నీ తాకలేదు.

రాలిన పొట్టుని ఆమె వేలి కొసకి అద్దుకుని టార్చి వెలుతురులో చూసింది.  

నీ తప్పేముందక్కా, అన్నాడు. ఇచ్చినవాడు చెప్పాలి, తీగ మీద రాయాలి, నాకైనా తెలిసేది కాదు, అన్నాడు. అన్నీ నిజాలే. ఏదీ పనికిరాలేదు.

"అది నన్ను అనుమానించలేదురా," అంది.

బ్లేడు కింద పెట్టి అంది.

"తన చేతుల్ని ఎన్నిసార్లు అనుమానించుకుందో. నన్ను ఒక్కసారి అనుమానించి ఉంటే ఎంత బాగుండేదిరా."

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని ఏడుపు, మెట్ల దగ్గర ఏడవని ఏడుపు, అంతా కలిపి ఏడ్చింది. తమ్ముడు టార్చి ఆర్పడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

*

కొసలు గీకింది. నాలుగు వైపులా తిప్పి తిప్పి గీకింది. ఇంక గీకడానికేమీ లేకపోయినా గీకింది. తనే అతికింది. పిల్ల అతుకంత నున్నగా రాలేదు, బొబ్బలా వచ్చింది.

మీటరు ఆనించింది. కూసింది.

ఏరియల్ చోట టార్చి బల్బు పెట్టారు. తమ్ముడు మైకు దగ్గర ఏం అనాలో తెలీక ఈల వేశాడు.

బల్బు వెలిగింది.

ఈలతో పాటు వెలిగింది. ఈల ఆగితే ఆరింది. బస్సు మెకానిక్కు పసిపిల్లాడిలా మళ్ళీ ఈల వేశాడు, మళ్ళీ వెలిగింది, అక్కా అక్కా అంటూ ఇటు తిరిగాడు. అక్క మొహం చూశాడు. ఈల పెదాల మీదే ఆగిపోయింది.

ఇంత చిన్న వెలుగు. ఇంత చిన్న వెలుగు కోసమా.

లైసెన్సు లేనివాళ్ళు గాలిలో మాట్లాడకూడదు. ఇంట్లో అందరికీ తెలుసు. ఒకసారి మేనమామ సరదాకి మైకు అందుకోబోతే, చిట్టి చేతి మీద ఒక్కటిచ్చింది. నియమం నియమమే అంది. దెబ్బ తగిలినట్టు అతను ఎంత నటించాడో. అదంతా ఆమెకి గుర్తుంది. గుర్తుండే, ఆదివారం పొద్దున తలుపు గడియ పెట్టి, ఏరియల్ తగిలించి, మైకు ముందు కూర్చుంది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వద్దని అనలేదు.

హోరు. దగ్గు. పేర్లు.

అందరూ అయ్యారు.

"కొత్తవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆమె బటన్ నొక్కింది. వదిలేసింది. మళ్ళీ నొక్కింది.

"నా మాట... ఎవరికైనా వినిపిస్తోందా?"

బటన్ వదిలింది.

హోరు... హోరు... ఎవరిదో సగం మాట, దాని మీద ఇంకొకరి సగం మాట. ఆగండి ఆగండి, అందరూ ఒక్క నిమిషం ఆగండి, అన్నాడు మాస్టారు. అందరూ ఆగారు.

ఈ సెట్లలో నాబు వెంట్రుకవాసి తప్పినా గొంతు మారిపోతుంది. ముసలిది పసిదవుతుంది. ఆమెకి ఆ సంగతి తెలీదు. నాబు పిల్ల పెట్టిన చోట కాక కాస్త పక్కన పెట్టింది. ఆమె గొంతు సన్నగా, లేతగా, చిన్నపిల్ల గొంతులా వెళ్ళింది.

మాస్టారు దగ్గాడు.

"వినిపిస్తోందమ్మా. బాగా వినిపిస్తోంది. సొంతంగా కట్టిన సెట్టేనా? చాలా బాగా కట్టావు తల్లీ. కంగారు పడకు, మేమందరం ఇక్కడే ఉన్నాం. నీ పేరేంటమ్మా?"

గుమ్మం దగ్గర తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆమె బటన్ మీద వేలు పెట్టింది. నొక్కితే వాళ్ళ మాట వినపడదు. వదిలేసి ఉంచితే తన మాట చేరదు. అవతల ఎక్కడెక్కడో, ఎవరెవరి గదుల్లోనో, ముక్కూమొహం తెలియని మనుషులు ఒక పిల్ల పేరు కోసం ఆగి ఉన్నారు. అప్పుడే పుట్టిన పిల్ల పేరు అడిగినంత ముద్దుగా అడిగారు.

హోరు.

నొక్కింది.

గదిలో వాన ఆగిపోయింది. అటువైపు వాళ్ళు వింటున్నారు.